సవరణ: గుడ్డకు రంగు అంటకపోయినా పెయింట్ అరుగుతుంది
కారు మీది సన్నగీతలు పోగొట్టడం గురించి గత వారం రాస్తూ, గుడ్డకు రంగు అంటనంత వరకు రబ్బింగ్ కాంపౌండ్‌తో (పెయింట్‌ను కొద్దికొద్దిగా అరగదీసే గరుకు ముద్దతో) ఎన్నిసార్లు రుద్దినా నష్టం లేదన్నాను. అది నా పొరపాటు. పెయింట్ తయారీదారుల సాంకేతిక వివరాల ప్రకారం, ఇప్పటి కార్లలో చాలావాటికి రంగు మీద సుమారు 40 నుంచి 50 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మందాన పారదర్శకమైన క్లియర్ కోట్ ఉంటుంది. కాంపౌండ్ అరగదీసేది దానినే కాబట్టి, గుడ్డ మీద తెల్లటి మడ్డి తప్ప రంగు కనబడదు. ఎరుపో నీలమో అంటిందంటే అక్కడ ఆ పొర అప్పటికే పోయిందన్నమాట, ఇక మళ్లీ పెయింట్ వేయించవలసిందే. క్లియర్ కోట్ లేని పాత కార్లకు మాత్రం రంగు అంటడం మామూలే. గోరు తట్టుకునేంత లోతు గీతను రుద్దకండి. తక్కినవాటికి ముందు సన్నరకం పాలిష్ వాడి చూడండి.