తీగ పట్టుకున్నవాడు కదలకూడదు

కొత్త ట్యూనర్ (రేడియో స్టేషన్లు పట్టే యంత్రం) పెట్టె విప్పగానే ఇంట్లోవాళ్ళు ముందుగా పారేసే వస్తువు ఒకటుంది. అట్టపెట్టె అడుగున, పల్చటి ప్లాస్టిక్ సంచిలో, ‘టీ’ అక్షరంలా ఉండే బల్లపరుపు రిబ్బన్ తీగ. ప్యాకింగుకు కట్టిన తాడనుకుంటారు. ఆ తర్వాత ట్యూనర్‌ని అలమరలో పెట్టి, ఆంప్లిఫయర్‌కు తగిలించి, స్విచ్చేస్తారు. బుస్సుమంటుంది.

ఇంటాయన వెనక్కి చెయ్యి పోనిచ్చి యాంటెన్నా స్క్రూలను తడుముతాడు. తడిమీ తడమగానే పాట ఖంగున మోగుతుంది. చెయ్యి తీస్తే బుస్సు, పెడితే పాట.

ఇందులో మాయేమీ లేదు. ఎఫ్‌ఎం స్టేషన్లుండేది 88 నుంచి 108 మెగాహెర్ట్జ్ మధ్య. 100 దగ్గర తరంగం పొడవు 3 మీటర్లు, అందులో సగం మీటరున్నర. మనిషి ఎత్తు ఇంచుమించు అంతే. ఒంటి నిండా ఉన్నది ఉప్పునీరు కనుక కరెంటు పారుతుంది. అలా ఇంటాయన ఏ చదువూ చదవకుండానే యాంటెన్నా అయిపోయాడు. కాకపోతే ఆయన ఆఫీసుకు పోవాలి. ఉద్యోగం పిల్లాడికి బదిలీ అవుతుంది. చేతికో తీగ ముక్కిచ్చి కిటికీ దగ్గర నిలబెడతారు.

“అక్కడే! అక్కడే ఉండరా, కదలకు!”

“నాన్నా, ముక్కు దురదేస్తోంది.”

“పాటయ్యాక గోక్కుందువుగానిలే.”

నాన్న కేక అన్యాయమే గానీ అబద్ధం కాదు. స్టేషన్ నుంచి నేరుగా వచ్చే తరంగమూ, ఎదుటి మేడ గోడకు కొట్టుకుని తిరిగొచ్చేదీ ఒకచోట కలిసి బలపడతాయి, మరోచోట ఒకదాన్నొకటి మింగేస్తాయి. ఈ రెండు చోట్లకూ మధ్య 75 సెంటీమీటర్లే ఉండొచ్చు, అంటే ఒక్క అంగ. పిల్లాడు అటు జరిగినా, వాళ్ళమ్మ మధ్యలోంచి నడిచినా గాయకుడి గొంతు పూడుకుపోతుంది.

పిల్లాడిని బడికి పంపాలంటే వాడి స్థానంలో డైపోల్, అంటే రెండు చేతులు చాపిన తీగ యాంటెన్నా పెట్టాలి. లెక్క చిన్నదే: 142.5ను మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే మొత్తం పొడవు మీటర్లలో వస్తుంది. 98కి అది 1.45 మీటర్లు, ఒక్కో చెయ్యి 73 సెంటీమీటర్లకు కాస్త తక్కువ. ఇక్కడ ఇంట్లో ఒక పెద్దమనిషి తప్పకుండా, “తీగ ఎంత పొడుగుంటే అంత మంచిది” అంటాడు. పది మీటర్లు తెచ్చి, గదిలో పట్టక, చుట్టచుట్టి సోఫా వెనక పడేస్తాడు. దాంతో అది యాంటెన్నా కాదు, సోఫా వెనక చుట్ట.

పారేసిన ఆ రిబ్బన్ ఇలా కొలిచి చేసిందే. చెత్తబుట్టలోంచి తీసి, దులిపి, చేతులు రెండూ బారుగా చాపి గోడకు కొడితే చాలు. మేకు మాత్రం రిబ్బన్ మధ్య ప్లాస్టిక్‌లో దిగాలి, అంచుల్లోని రాగికి తగలకూడదు. స్టేషన్ ఎటుందో అటువైపు తీగ పొడవాటి పక్కను చూపించాలి; కొసలవైపు దానికి చెవుడు. ఈ సూత్రం ఇంటావిడకు చెప్పి చూడండి. “ఆ గోడకు మేకులు కొట్టడానికి వీల్లేదండీ, అక్కడ పెళ్ళి ఫోటో ఉంది” అంటారు. మిగిలిన గోడకు కడితే కొస సరిగ్గా స్టేషన్‌వైపే తిరిగి ఉంటుంది. అలాంటప్పుడు తీగను నిలువుగా వేలాడదీసి చూడాలి. చాలా స్టేషన్లు నిలువు తరంగాలు కూడా పంపుతాయి, పైగా నిలువు తీగకు ఏ దిక్కైనా ఒకటే. పెళ్ళి ఫోటో కూడా క్షేమం.

తర్వాతి తగువు ట్యూనర్ వీపు మీద. రెండు స్క్రూలుంటే అవి 300 ఓములవి, రిబ్బన్ నేరుగా బిగించుకోవచ్చు. గుండ్రటి సాకెట్టొక్కటే ఉంటే 75 ఓములు. మధ్యలో ఈ రెంటినీ జత కలిపే బాలన్ అనే బొటనవేలంత ముక్క కావాలి. అది లేదని తీగల్లో ఒకదాన్ని సాకెట్టులోకి కుక్కి, రెండోదాన్ని గాలికొదిలేస్తారు. కోయాక్సియల్ కేబుల్ (టీవీకి వచ్చేలాంటి గుండ్రటి తీగ) వాడేవాళ్ళ బాధ మరొకటి. జల్లెడలా అల్లిన పైపొరను వెనక్కి మడిచి కనెక్టర్ ఎక్కించేటప్పుడు, ఒక్క వెంట్రుకంత పోగు తప్పించుకుని మధ్య తీగను ముట్టుకుంటుంది. సిగ్నల్ అక్కడే హరీ. ఆ పోగు కంటికి ఆనదు. ఇల్లంతా ట్యూనర్‌నే తిడుతుంది.

ఇంత చేసినా చాలకపోతే మేడెక్కాలి. ఎత్తు చేసే మేలు ఇంకేదీ చేయదు. పైన ఆయన మూడు పుల్లల యాగీ యాంటెన్నాని తిప్పుతుంటాడు, కింద ఆవిడ వింటూ ఉంటారు.

“వచ్చిందా?”

“ఎవరు, మీ చెల్లెలా? ఇంకా రాలేదు!”

“స్టేషనే!”

“ఇందాక వచ్చింది, పోయింది!”

ఆ కబురు మెట్లెక్కి వచ్చేలోపు ఆయన మరో పావు చుట్టు తిప్పేసి ఉంటాడు. సుద్దముక్కతో యాంటెన్నా నిలబెట్టిన గొట్టం మీద గుర్తులు పెట్టుకుని, ఒక్కో గుర్తు దగ్గర ఆగి సిగ్నల్ మీటరు ఎంత చూపిస్తోందో అడిగితే ఈ గొడవుండదు. హాస్యం ఆపి ఒక మాట: గొట్టం విరిగి పడినా కరెంటు తీగలకు అందనంత దూరంలో ఉండాలి, గొట్టానికి ఎర్త్ ఉండాలి, మబ్బు పట్టకముందే కేబుల్ ఊడదీయాలి. ఉరుములు మొదలయ్యాక మేడెక్కకూడదు.

సిగ్నల్‌ను పెంచే బూస్టర్ కొంటే అన్నీ తీరిపోతాయనేది ఇంకో భ్రమ. అది పాటతో పాటు బుస్సును కూడా పెంచుతుంది. ట్రాన్స్‌మిటర్ దగ్గర్లో ఉన్నవాళ్ళు పెడితే ఒకే స్టేషన్ డయల్ మీద నాలుగుచోట్ల ప్రత్యక్షమవుతుంది. ఆర్‌జీ-6 అనే మామూలు కోయాక్సియల్ కేబుల్ 30 మీటర్లకు పోగొట్టేది ఇంచుమించు 2 డెసిబెల్స్ (సిగ్నల్ బలం కొలత), దానికి బూస్టర్ దండగ. అసలు చాలా ఇళ్ళలో బుస్సుకు మందు ట్యూనర్ మీదే ఉంది: మోనో మీట, రెండు స్పీకర్లలోనూ ఒకే ధ్వని వచ్చేలా చేసేది. స్టీరియో శుభ్రంగా వినబడాలంటే మోనోకన్నా దాదాపు 20 డెసిబెల్స్ ఎక్కువ బలం కావాలి. ఆ మీట ఎవరూ నొక్కరు. స్టీరియోకని డబ్బు పోశాక, ఆ చిన్న దీపం వెలగాల్సిందే, బుస్సుమన్నా సరే.

మీడియం వేవ్‌కు ఇచ్చే చట్రం యాంటెన్నా వేరే. దాన్ని ఇనప బీరువాకు దూరంగా పెట్టి మెల్లగా తిప్పితే ఒక కోణంలో స్టేషన్ బలంగా, ఒక కోణంలో గరగర తక్కువగా ఉంటుంది. ఈ రెండూ ఒకే కోణంలో దొరకడం అరుదు. గరగర పుట్టేది ఎల్‌ఈడీ బల్బుల్లో, ఫోన్ ఛార్జర్లలో. ఒక్కొక్కటే పీకుతూ పోతే దొంగ దొరుకుతుంది. దొరికిన ఛార్జర్ ఎప్పుడూ అత్తగారిదే అవుతుంది, తీసేద్దామని ఆవిడతో అనే ధైర్యం ఇంట్లో ఎవరికీ ఉండదు.