పది మార్కుల జాలి

మా మనవరాలు చదివే బడిలో ఈ ఏడాది కరుణను కూడా పాఠ్యాంశం చేశారు. లెక్కలకు వంద మార్కులు, కరుణకు పది. ఇంటికి పంపిన చీటీలో ఇలా ఉంది: "పిల్లల్లో సహానుభూతి పెంచేందుకు ఒక్కొక్కరికి ఒక కోడిపిల్లను ఇస్తున్నాం. రుసుము 350 రూపాయలు. అట్టపెట్టె ఉచితం." యాజమాన్యం మనసు ఎంత మెత్తనిదో ఆ అట్టపెట్టె దగ్గరే తెలిసిపోయింది.

వచ్చింది గులాబీ రంగు పిల్ల. జాతరల్లో బుట్టల కొద్దీ అమ్ముతారే, అదే. దేవుడు వేసిన రంగు నచ్చక ఎవరో మళ్లీ ముంచి తీశారు. దానితోపాటు ఒక పుస్తకం: "ఈ రోజు నీ నేస్తానికి ఎలా అనిపించింది? మూడు వాక్యాల్లో రాయుము."

మొదటి వారం కోడిపిల్లకు 35 డిగ్రీల దాకా వెచ్చదనం కావాలి. తల్లి రెక్కల కిందో, బల్బు కిందో ఉండాలి. బడిలో మాత్రం గదులన్నీ ఏసీవే. ఆ చల్లదనం కోసమే కదా మనం అంత ఫీజు కట్టేది!

రాత్రి తొమ్మిదింటికి అది తల వాల్చేసింది. మనవరాలు అప్పటికే నిద్రపోయింది. మా అల్లుడు గారు అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ప్రకటన ఇచ్చారు: "అత్యవసరం. గులాబీ కోడిపిల్ల కావాలి." మూడో అంతస్తు జవాబు: "మాదీ గులాబీయే, మధ్యాహ్నమే పోయింది. దొరికితే మాకూ చెప్పండి." ఐదో అంతస్తు: "ఆకుపచ్చది ఉంది, కానీ నిలబడటం లేదు." కార్యదర్శి గారు ఆ సమయంలోనూ విధి మరవలేదు: "భవనంలో కోళ్ల పెంపకం నిషిద్ధం." పదకొండింటికి అల్లుడు గారు ఎవరి తలుపు తట్టారో ఏమో, రంగు వేయని పిల్లను ఒకదాన్ని జేబులో వేసుకొచ్చారు. మా అమ్మాయి బీట్‌రూట్ తురిమింది. నేను టార్చి పట్టుకున్నాను. ముగ్గురం పట్టభద్రులం, వంటింటి గట్టు మీద అర్ధరాత్రి దాకా కోడిపిల్లకు రసం పూశాం. తడిస్తే దానికి చలి వేస్తుందని ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు. తెల్లారేసరికి అదీ పోయింది. బీట్‌రూట్ రంగు మాత్రం చెక్కుచెదరలేదు.

అసలు ఈ రంగు పిల్లలు ఎక్కడివో బడి వాళ్లు ఎప్పుడైనా అడిగారా? గుడ్ల కోసం పెంచే జాతుల్లో, 21 రోజులకు గుడ్డు పగలగానే హేచరీలో ఆడామగా వేరు చేస్తారు. మగది గుడ్డు పెట్టదు. మాంసానికి ఎదగాలంటే మేత దండగ. అందుకని పుట్టిన రోజునే చంపేస్తారు. కొన్నిటిని మాత్రం రంగులో ముంచి బుట్టకెక్కిస్తారు. చెత్త కింద లెక్కగట్టి పారేసిన ప్రాణాన్ని తెచ్చి, చలిలో చంపి, దాని మీద మార్కులు వేస్తారా? సిగ్గు లేదూ? ప్రాణుల పట్ల దయ పౌరుడి విధి అని 1976లో రాజ్యాంగంలోనే రాసుకున్నాం. దయ తప్పినవాడికి 1960 నాటి చట్టం మొదటి తప్పుకు వేసే జరిమానా పది నుంచి యాభై రూపాయలు. అంటే మహా అయితే బడి రుసుములో ఏడో వంతు. ఈ దేశంలో కరుణ నేర్చుకోవడం కంటే క్రూరత్వమే చవక.

ఆ బడి గేటు దగ్గర ఒక కుక్క పడుకుంటుంది. దాన్ని తరమడానికి కాపలాదారుకు కర్ర ఇచ్చింది కూడా యాజమాన్యమే. ఆ పాఠం పిల్లలకు రోజూ రెండు పూటలా ఉచితం.

నిన్న మనవరాలి పుస్తకం దిద్ది పంపారు. అది రాసింది ఇంతే: "దానికి చలి వేసింది. వాళ్ల అమ్మ కోసం చూసింది." కింద ఎర్ర సిరాతో టీచరమ్మ రాశారు: "మూడో వాక్యం ఏది? అర మార్కు కోత."