మా వీధి జ్వరాలు ఎవరి లెక్కలో ఉన్నాయండీ?

వినాయక చవితి అయిన మూడో రోజు మా చిన్నోడికి జ్వరం తగిలింది. విశాఖ కంచరపాలెంలో మేముండే సందులో అప్పటికే నలుగురు మంచమెక్కారు. ఎప్పుడూ చూపించుకునే డాక్టర్ గారి దగ్గరికే తీసుకెళ్ళాను. కార్డు టెస్టులో రెండో గీత పడింది. "డెంగీలాగే ఉందమ్మా, నీళ్ళు బాగా పట్టించండి, ప్లేట్‌లెట్లు చూస్తూ ఉందాం" అన్నారు. వైద్యానికి వంక పెట్టను. ఎనిమిదో రోజుకి వాడు లేచి కూర్చుని పులిహోర అడిగాడు.

మరి ఆ రెండో గీత ఏమైంది? కార్డు చెత్తబుట్టలోకి, రిజల్టు మా చీటీ వెనక్కి. అంతే.

మళ్ళీ చూపించడానికి వెళ్ళినప్పుడు అడిగేశాను, "ఆరోగ్య శాఖకి చెప్పారా డాక్టర్ గారూ?" అని. ఆయన నవ్వారు. "సాయంత్రం డెబ్భై మందిని చూస్తానమ్మా, ఇవన్నీ ఎవరు ఎక్కిస్తారు? పైగా కార్డు టెస్టు చెల్లదు, ఎలైజా ఏదీ అంటారు. డెంగీ అని రాస్తే జనాన్ని భయపెడుతున్నావని మనకే అక్షింతలు."

సగం నిజమే. కార్డు టెస్టుతో డెంగీ ఖాయం చెయ్యరు, ల్యాబులో చేసే ఎలైజా రక్తపరీక్ష కావాలి. కానీ అనుమానం చెప్పడానికి ఖాయం కావాలా? ఎక్కడ ఏ జబ్బు వస్తోందో కనిపెట్టడానికి 2004లో మొదలైన ఐడీఎస్పీ అనే సర్కారు పథకంలో మూడు ఫారాలు పెట్టింది అందుకే కదా. ఇంటింటికీ తిరిగే నర్సు, అదే ఏఎన్ఎం, లక్షణాలు చూసి రాసేది ఎస్, డాక్టరు అనుమానం మీద రాసేది పీ, ల్యాబు తేల్చి రాసేది ఎల్. 2021 నుంచి ఐహెచ్ఐపీ అని ఆన్‌లైన్ కూడా చేశారు. ఎల్ వచ్చేదాకా నోరు విప్పకపోతే ఇక పీ ఎందుకు?

ఈలోపు దోమ ఆగదు కదండీ. గుడ్డు రెక్కలొచ్చి ఎగరడానికి వారం, పది రోజులు చాలు. ఈ దోమ దూరం పోయే రకమూ కాదు, పుట్టినచోటి నుంచి నాలుగు వందల మీటర్ల లోపే తిరుగుతుంది. అంటే మా వాణ్ణి కుట్టింది మా సందులోదే అయ్యుంటుంది. ఆ రోజే ఎవరికైనా తెలిస్తే మా సందు వెతికేవారు. దోమలకి పొగ కొట్టే బండి మాత్రం రెండు వీధుల అవతల తిరిగింది. అక్కడివాళ్ళెవరో పెద్దాసుపత్రిలో చేరారట, వాళ్ళ పేరు లెక్కకెక్కింది.

టీబీ సంగతి ఇంకా ఘోరం. 2012 నుంచి ప్రైవేటు డాక్టర్లు కూడా చెప్పి తీరాలి, 2018 నుంచి చెప్పకపోతే శిక్ష కూడా ఉంది. చెప్పినందుకు డాక్టరుకి ఐదు వందలు ఇస్తారు. రోగికి తిండి కోసం నెలకి వెయ్యి. మా దూరపు చుట్టం ఒకాయన ఆటో తోలతాడు. "పిల్లకి సంబంధాలు చూస్తున్నాం బాబూ, నా పేరు రాయకండి" అని డాక్టరుని బతిమాలాడు. పాపమని ఆయన వదిలేశాడు. ఆ జాలి ఖరీదు చూడండి: నెలకి వెయ్యి పోయింది, ఇంట్లోవాళ్ళకి పరీక్షలు లేవు, దగ్గు తగ్గిందని మూడో నెలలో మాత్రలు మానేస్తే అడిగిన నాథుడు లేడు. చివరికి ఛాతీ ఆసుపత్రిలో తేలాడు.

తప్పంతా డాక్టర్ల మీద తోసెయ్యను. ఒక్కడే కూర్చునే క్లినిక్‌లో లాగిన్లు, పాస్‌వర్డ్‌లు అంటే ఎవరికైనా విసుగే. కాంపౌండరు ఫోను చేసి "ఫలానా సందు, జ్వరం, కార్డు పాజిటివ్" అంటే అవతల రాసుకునే మనిషి ఉంటే చాలు. రాసినవాణ్ణి దొంగని చూసినట్టు చూడకుండా ఉంటే ఇంకా మంచిది. ఇక ఆర్ఎంపీల దగ్గర ఆగిపోయే జ్వరాల సంగతి ఎత్తితే తెల్లారిపోతుంది.

ఆఖరికి మా వాడి రిపోర్టు నేనే పట్టుకుని మా వార్డు సచివాలయానికి వెళ్ళాను. ఏఎన్ఎం తిప్పి తిప్పి చూసి, "డాక్టర్ గారి నుంచి రాలేదే అక్కా" అంటూనే నోట్‌బుక్కు వెనక పేజీలో అడ్రసు రాసుకుంది. మర్నాడు ఇద్దరు కుర్రాళ్ళొచ్చారు. మా డ్రమ్ములు చూశారు, ఏమీ లేదు. పక్కింటి పిన్నిగారి మేడ మీద, మూతలేని సిమెంటు గోలెంలో టార్చి వేస్తే, నీళ్ళలో తలకిందులుగా వేలాడుతూ వందల పురుగులు. "చవితికి ముందు కడిగించానే" అంటుంది ఆవిడ.