ఉపవాస ప్రార్థనలో షుగర్ మాత్ర

శుక్రవారం మధ్యాహ్నం నరసాపురం, పాలకొల్లు, రాజోలు వైపు వెళ్తే చాలా ఊళ్ల చర్చిల్లో ఉపవాస ప్రార్థన వినిపిస్తుంది. వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. రొయ్యల షెడ్లలో ఐసు నీళ్లలో చేతులు పెట్టి తలలు తీసేవాళ్లు, నాట్లకు వెళ్లేవాళ్లు, కువైట్‌లో ఏళ్ల తరబడి ఇంటిపని చేసి మోకాళ్ల నొప్పులతో తిరిగొచ్చినవాళ్లు. షుగర్, బీపీ ఉన్నవాళ్లు వీళ్లలో తక్కువేం కాదు. ఇంత కష్టపడిన ఒంటి గురించి మన క్రైస్తవ సంఘాలు పట్టించుకోవాల్సినంత పట్టించుకోవడం లేదన్నదే నా బాధ.

జబ్బు ముదిరాక పట్టించుకుంటాం. పాస్టర్ అయ్యగారు నూనె సీసాతో ఇంటికొచ్చి, తలమీద చెయ్యి పెట్టి ప్రార్థిస్తారు. ఆసుపత్రి ఖర్చుకు కానుక పోగవుతుంది. చుట్టాలు మొహం చాటేసినా సంఘం నిలబడిన ఇళ్లు ఇక్కడ ఎన్నో. అయితే రోజూ వేసుకోవాల్సిన మాత్ర, వేళకు తిండి, కంటినిండా నిద్ర మాత్రం విశ్వాసంతో సంబంధం లేని సంగతులుగా మిగిలిపోయాయి. మాత్ర వేసుకుంటే విశ్వాసం తక్కువన్నట్టే అనే భావన కూడా లోలోపల ఉంది.

దేవుడు తమకు చేసిన మేలు గురించి మందిరంలో లేచి చెప్పే సాక్ష్యాల దగ్గర ఆ భావన పెరుగుతోంది. "మందులన్నీ పక్కన పడేశాను, దేవుడు నన్ను ముట్టాడు" అంటే మందిరమంతా హల్లెలూయ మారుమోగుతుంది. "రోజూ మందు వేసుకుంటున్నాను, దేవుడి దయవల్ల షుగర్ అదుపులో ఉంది" అని లేచి చెప్పేవాళ్లు అరుదు. చెప్పినా దాన్ని సాక్ష్యం కింద లెక్కేయం. వెనక చాప మీద కూర్చున్న షుగర్ మనిషికి ఆ తేడా తెలిసిపోతుంది. ఆమెను మందు మానమని ఎవరూ అనక్కర్లేదు, తనే మానేస్తుంది.

మానకపోతే మరో ప్రమాదం. గ్లిమెపిరైడ్ లాంటి షుగర్ మాత్ర వేసుకునో, ఇన్సులిన్ తీసుకునో ఏమీ తినకుండా కూర్చుంటే రక్తంలో చక్కెర 70 కంటే కిందికి పడిపోవచ్చు. చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి, గుండె దడదడలాడుతుంది, మాట తడబడుతుంది. చప్పట్లు, పాటలు, కన్నీటి ప్రార్థన మధ్య ఆ వణుకును పక్కవాళ్లు ఆత్మావేశం అనుకునే వీలుంది. అలా అనుకుంటే చుట్టూ చేరి ఇంకా గట్టిగా ప్రార్థిస్తారు. ఆ నిమిషంలో ఆమెకు కావలసింది మూడు చెంచాల పంచదార కలిపిన గ్లాసుడు నీళ్లు. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకూడదు, వెంటనే 108కి ఫోన్ చేయాలి. ఉపవాసం కోసం ఇన్సులిన్ సొంతంగా ఆపేయడం కూడా ప్రాణం మీదికి తెస్తుంది. ఉపవాసం ఉండొచ్చో లేదో, ఉంటే మందు ఎంత తగ్గించాలో డాక్టరే చెప్పాలి.

మన బైబిల్లో ప్రార్థనకూ మందుకూ పోట్లాట లేదు. హిజ్కియా రాజు గోడవైపు తిరిగి ఏడ్చి ప్రార్థిస్తే దేవుడు 15 ఏళ్ల ఆయుష్షు పెంచాడు. అయినా యెషయా అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద వేయించాడు. చచ్చిపోతాను ప్రభువా అని చెట్టు కింద పడుకున్న ఏలీయాకు దూత ప్రసంగం చేయలేదు. రెండుసార్లు తట్టి లేపి రొట్టె, నీళ్లు పెట్టాడు. డిప్రెషన్‌ను దయ్యం అనేవాళ్లు ఆ అధ్యాయం ఒకసారి నిదానంగా చదవాలి. దేహం పరిశుద్ధాత్మకు ఆలయమని పౌలు కొరింథీయులకు రాసిన మాట మాత్రం మన దగ్గర తాగుడు, సిగరెట్ల మీద ప్రసంగాలకే పరిమితమైపోయింది.

డెల్టా క్రైస్తవ్యానికి ఈ చూపు పరాయిదీ కాదు. 1836లో మిషనరీ గ్రోవ్స్ వెంట ఇంగ్లండ్ నుంచి వచ్చిన బౌడన్, బీర్ దంపతులు మొదలుపెట్టిన గోదావరి డెల్టా మిషన్ తర్వాతి కాలంలో నరసాపురంలో ఆసుపత్రి నడిపింది. లూథరన్లు రాజమండ్రిలో, భీమవరంలో ఆసుపత్రులు కట్టారు. ఊరవతలకి నెట్టేసిన కుష్ఠురోగులకు కెనడియన్ బాప్టిస్టులు రామచంద్రపురంలో ఆశ్రయమిచ్చారు. మన తాతమ్మల్లో ఎంతోమంది సువార్త విన్నది ఆ ఆసుపత్రుల వరండాల్లోనే.

ఇప్పుడు కొత్త ఆసుపత్రులు కట్టమని ఎవరూ అడగడం లేదు. షుగర్ ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడగకుండా ఉపవాసం ఉండొద్దని, తిని వచ్చి ప్రార్థించినా దేవుడు వింటాడని పుల్పిట్ మీద నుంచి గట్టిగా చెబితే చాలు. నెలకో ఆదివారం ఆరాధన అయ్యాక ఏఎన్ఎంని పిలిచి బీపీ, షుగర్ చూపించడం పెద్ద ఖర్చు కాదు. ఈ పల్లెల్లో డాక్టర్ మాట కన్నా అయ్యగారి మాటకే బరువెక్కువ. అయ్యగార్లలోనూ షుగర్ ఉన్నవాళ్లున్నారు, చాటుగా మాత్ర వేసుకునేవాళ్లూ ఉన్నారు. "నేనూ రోజూ వేసుకుంటున్నాను" అనే సాక్ష్యం ముందు వాళ్ల నోటి నుంచే రావాలి.