శివారుకు నీళ్లందిన ఐస్ హాకీ

మా వైపు ఐస్ అంటే రొయ్యల ట్రేల్లోకి వెళ్లేదే. తెల్లవారుజామున చెరువు గట్టు మీద పట్టుబడి మొదలయ్యేసరికి ఐస్ ఫ్యాక్టరీ వ్యాన్ వచ్చి ఆగుతుంది. దిమ్మెలు క్రషర్‌లో పడి పొడి అవుతుంటే పక్కనున్న మనిషి మాట కూడా వినపడదు. ఓసారి అలా నిలబడి ఫోన్లో ఐస్ హాకీ హైలైట్స్ చూస్తుంటే చెరువు కాపలా పెద్దాయన తొంగిచూశాడు. "ఐసు మీద హాకీ ఏంటండీ బాబూ, జారిపోరా?" అన్నాడు. జారడమే ఆట అన్నాను. కాసేపు చూసి, "మరి పెద్ద పెద్ద ప్లేయర్లంతా వచ్చారాండీ?" అని రెండో ప్రశ్న వేశాడు.

రాలేదు. రాకపోవడమే మంచిదైందని ఈ వ్యాసం.

ఉత్తర అమెరికాలోని మేటి ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్. దాని స్టార్లు 2014 సోచి తర్వాత పన్నెండేళ్లకి మిలాన్ ఒలింపిక్స్‌లో దిగారు. దాంతో అసలైన హాకీ ఇప్పుడే తిరిగొచ్చిందని పండగ చేసుకున్నవాళ్లు చాలామంది. మధ్యలో జరిగిందంతా ఏదో కాలక్షేపం అన్నట్టు! 2018 ప్యాంగ్‌చాంగ్ ఒలింపిక్స్‌కి సీజన్ ఆపి ఆటగాళ్లను పంపేది లేదని లీగ్ భీష్మించింది. ప్రయాణం, బీమా ఖర్చులు ఎవరు పెట్టుకోవాలన్న పేచీ కూడా అందులో ఉంది. 2022 బీజింగ్‌కి కోవిడ్ అడ్డొచ్చింది. ఏటా మే నెలలో జరిగే ప్రపంచ చాంపియన్‌షిప్ సంగతి సరేసరి. అది సరిగ్గా ఎన్‌హెచ్‌ఎల్ ట్రోఫీ అయిన స్టాన్లీ కప్ ప్లేఆఫ్స్ నడిచే రోజుల్లోనే పడుతుంది. క్లబ్ ఇంకా బరిలో ఉంటే స్టార్ రాలేడు. కాబట్టి వీటన్నిటికీ 'రెండో రకం టోర్నీలు' అని ముద్ర వేసేశారు.

డెల్టాలో పుట్టినవాడికి ఈ ముద్ర మింగుడుపడదు. దాళ్వాలో గోదావరిలో నీళ్లు తగ్గితే మనకి వంతులవారీ పెడతారు. ఎగువ తూములు కొన్నాళ్లు కట్టి నీళ్లను కిందికి వదులుతారు. అలా వదిలితే తప్ప శివారు చేలు తడవవు. ఆ వంతు వచ్చిన రాత్రి శివారు రైతు టార్చిలైటు పట్టుకుని బోదె గట్టు మీద కూర్చుంటాడు. ముందు నీళ్ల చప్పుడు, తర్వాత నురగ, ఆ వెనక నీళ్లు. ఎగువ చేలో పంట బాగా పండుతుంది కాబట్టి నీళ్లన్నీ అక్కడికే పోవాలని ఏ లస్కరూ అనడు. అంటే ఊరుకోరు. ఐస్ హాకీలో మాత్రం అదే మాటని గొప్ప సిద్ధాంతంలా చెబుతున్నారు.

లాత్వియా సంగతే చూడండి. జనాభా 19 లక్షల లోపు. మన కోనసీమ జిల్లా 2011 లెక్కల్లోనే 17 లక్షలు దాటింది. అంటే జనంలో కోనసీమ కంటే కాస్త పెద్ద దేశం, అంతే. 2023 ప్రపంచ చాంపియన్‌షిప్‌లో క్వార్టర్స్‌లో స్వీడన్‌ని ఇంటికి పంపింది. సెమీస్‌లో కెనడా చేతిలో ఓడినా, కాంస్యం కోసం జరిగిన మ్యాచ్‌లో అమెరికాని ఓవర్‌టైమ్‌లో 4-3తో కొట్టింది. స్కోరు సమం చేసిన గోలూ, గెలిపించిన గోలూ ఒక్కడివే: క్రిస్టియాన్స్ రూబిన్స్. ఆ దేశానికి ఈ ఆటలో అదే మొదటి ప్రపంచ పతకం. ఆ రాత్రికి రాత్రే పార్లమెంటు సమావేశమైంది. సభ్యులు టీమ్ జెర్సీలు తొడుక్కొచ్చి కూర్చుని, తెల్లారితే సెలవని చట్టం చేసేశారు. మన దగ్గర తుఫాను వస్తే స్కూళ్లకి సెలవివ్వడానికే సాయంత్రం దాకా మీనమేషాలు లెక్కపెడతారు! ఎదుటి జట్లలో ఎవరు లేరన్న సంగతి రాజధాని రీగా వీధుల్లో ఆ రాత్రి ఎవడికి పట్టింది?

బీజింగ్‌లో స్లొవేకియాదీ ఇదే కథ. 50 లక్షల పైచిలుకు జనం, మన పాత తూర్పు గోదావరి జిల్లా అంత. క్వార్టర్స్‌లో అమెరికా మీద ఇంకో నిమిషం కూడా లేదనగా స్కోరు సమం చేసి, షూటౌట్‌లో గెలిచారు. కాంస్యం మ్యాచ్‌లో స్వీడన్‌ని 4-0తో ఓడించి వాళ్ల మొదటి ఒలింపిక్ హాకీ పతకం పట్టుకెళ్లారు. ఆ జట్టులో యురై స్లాఫ్‌కోవ్‌స్కీ అనే కుర్రాడికి అప్పుడు 17 ఏళ్లు. ఏడు గోల్స్ కొట్టాడు, టోర్నీ మొత్తానికి ఉత్తమ ఆటగాడయ్యాడు. ఆ జులైలోనే, క్లబ్బులు కొత్త కుర్రాళ్లను వంతులవారీగా ఎంచుకునే ఎన్‌హెచ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో, మాంట్రియల్ క్లబ్ అందరికంటే ముందు అతన్నే ఎంచుకుంది. స్లొవేకియా సీనియర్ స్టార్లంతా ఆ ఒలింపిక్స్‌కి వచ్చి ఉంటే ఈ పిల్లాడు ఎన్ని నిమిషాలు ఐస్ మీద ఉండేవాడు? స్టార్లు లేని టోర్నీ నారుమడి లాంటిది. నారు పోయకుండా ఊడ్పులేస్తామంటే ఎలా?

దీనికో ఎదురు వాదన ఉంది, కొట్టిపారేసేది కాదు. మేటి ఆటగాడితో మేటి ఆటగాడు తలపడితేనే కదా ప్రపంచంలో ఎవరు గొప్పో తేలేది! 1998 నగానో ఒలింపిక్స్‌లో గోల్‌కీపర్ హషెక్ ఒంటి చేత్తో చెక్ రిపబ్లిక్‌కి స్వర్ణం తెచ్చిపెట్టాడు. 2010 వాంకూవర్ ఫైనల్లో ఓవర్‌టైమ్‌లో క్రాస్బీ గోల్ కొడితే కెనడా ఊగిపోయింది. అవి మరపురాని మ్యాచ్‌లే. పిల్లి లేని ఇంట్లో ఎలుకలు గంతులేస్తే గొప్పేముందని అడిగేవారికి కొంత న్యాయం ఉంది.

కానీ పిల్లులున్న ఇంట్లోనూ ఎలుకలు గెలిచాయి మరి. 2019లో బ్రాటిస్లావాలో జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్‌కి ఫిన్లాండ్ పట్టుకెళ్లిన జట్టులో ఎన్‌హెచ్‌ఎల్ పేర్లు వెతికితే ఒకటో రెండో దొరుకుతాయి, అంతే. సెమీస్‌లో ఎదురుగా రష్యా: ఒవెచ్కిన్, మాల్కిన్, కుచెరోవ్, కొవల్చుక్. సినిమా అయితే నాలుగు కటౌట్లు పెట్టాలి. ఫిన్లాండ్ 1-0తో గెలిచింది. ఆ ఒక్క గోల్ కెప్టెన్ మార్కో ఆంటిలాది. ఆరడుగుల ఎనిమిదంగుళాల మనిషి, ఎన్‌హెచ్‌ఎల్‌లో ఒక్క మ్యాచ్ ఆడింది లేదు. ఫైనల్లో కెనడాని 3-1తో ఓడించినప్పుడు రెండు గోల్స్ మళ్లీ ఆయనవే. మర్నాడు ఆయనకి 34 నిండాయి. కోచ్ యూకా యాలొనెన్ చేసిందల్లా అయిదుగురినీ ఒకే తాడుకి కట్టినట్టు కదిలించడం. మూడేళ్ల తర్వాత బీజింగ్‌లో ఫిన్లాండ్‌కి మొదటి ఒలింపిక్ స్వర్ణం తెచ్చిన కోచ్ కూడా ఆయనే. స్టార్ అనేవాడు జట్టుకి విమానం దిగిన రోజు దొరుకుతాడు. జట్టు అలా దొరకదు.

ఇంతకీ నా అసలు బాధ ఫిన్లాండ్ గురించి కాదు. సంక్రాంతి వాలీబాల్ గురించి.

మా పక్క ఊళ్లో కొన్నేళ్ల కిందట టోర్నీ పెట్టారు. ఫ్లెక్సీల మీద ప్రైజ్ మనీ అంకె మనిషెత్తున ఉంది. ప్రతి ఊరి జట్టులోనూ ముగ్గురో నలుగురో కిరాయి ప్లేయర్లు. వేరే జిల్లా నుంచి మధ్యాహ్నానికి బైకు మీద దిగి, ఊరి పేరున్న జెర్సీ తలమీంచి తొడుక్కుని, ఎడాపెడా స్మాష్‌లు కొట్టి, కవరు జేబులో పెట్టుకుని బహుమతుల టైముకి ముందే వెళ్లిపోయారు. స్మాష్‌లు అద్భుతం, అందులో అబద్ధం లేదు. ఆ ఊళ్లో ఏడాది పొడుగునా సాయంత్రం స్కూలు ఆవరణలో నెట్ కట్టి, విప్పి, మడతపెట్టి దాచే కుర్రాడొకడున్నాడు. ఆ రోజు వాడు కోర్టు పక్కన పచ్చగడ్డి మీద కూర్చున్నాడు. ఒళ్లో ఆరుగురివీ చొక్కాలు, పైన వాచీలు, ఫోన్లు. ఊరు గెలిచింది. వాడు చొక్కాలు ఎవరివి వాళ్లకి అందించాడు.

గెలిచింది ఏ ఊరని అడిగితే కమిటీ పెద్దలు నన్ను ఎగాదిగా చూశారు.

కనుమ నాడు కోనసీమలోని జగ్గన్నతోటకి వెళ్లినవాళ్లకి నా ప్రశ్న వేరే చెప్పక్కర్లేదు. పదకొండు ఊళ్ల నుంచి ఏకాదశ రుద్రుల ప్రభలు వస్తాయి. గంగలకుర్రు వాళ్లు తమ ప్రభను కౌశిక కాలవలోకి దింపి, పీకల్లోతు నీళ్లలో, "అశ్శరభ శరభ" అంటూ భుజాల మీద దాటిస్తారు. కాళ్లు జారతాయి, ప్రభ ఒరుగుతుంది, గట్టు మీద ఆడవాళ్లు గుండె చిక్కబట్టుకుంటారు. బాగా మోస్తారని వేరే ఊరి వస్తాదులను తెచ్చుకోరు. తెస్తే అది గంగలకుర్రు ప్రభ ఎందుకవుతుంది?

అంతర్జాతీయ ఐస్ హాకీ సమాఖ్యకి ఈ ఇంగితం కొంత ఉంది. ఒక దేశానికి ఆడినవాడు పౌరసత్వం మార్చుకుని ఇంకో దేశానికి ఆడాలంటే, ఆ కొత్త దేశపు లీగుల్లో వరుసగా నాలుగేళ్లు ఆడి చూపించాలి. ఉదయం దిగి సాయంత్రం కవరు పట్టుకెళ్లడం కుదరదు.

వచ్చే సంక్రాంతికి మా ఊళ్లో టోర్నీ అన్నారు. పోస్టరు ప్రూఫు వాట్సాప్‌లో వచ్చింది. అడుగున ఒక లైను చేర్చమని కమిటీ కుర్రాళ్లని అడిగాను: 'ఈ ఊరి అడ్రసుతో ఆధార్ కార్డు తప్పనిసరి'. "జనం రారండీ" అన్నారు. ప్రూఫు ఇంకా ప్రెస్సుకి వెళ్లలేదు.