కాటాకు ముద్ర అడిగేవాళ్లం, సర్వర్‌కు ఎందుకు అడగం?

పలాసలో జీడిపిక్కలు కొనే వ్యాపారి తన కాటా నిక్కచ్చిదని ఎంత గట్టిగా చెప్పినా రైతు ఊరుకోడు. తూనికలు కొలతల శాఖ ముద్ర ఎక్కడుందో చూస్తాడు, అనుమానం తీరకపోతే బస్తాను మరో కాటా మీద పెట్టిస్తాడు. ప్రజల సమాచారాన్ని మోసే సర్వర్ల విషయంలో మనకు ఆ పాటి అనుమానం కూడా రావడం లేదు. ‘లింక్డ్ డేటా ప్రమాణాలకు అనుగుణం’ అని అమ్మేవారు కరపత్రంలో రాసుకుంటారు, కొనేవారు టెండరు పత్రంలోని గడిలో టిక్కు పెడతారు, పరీక్ష అక్కడితో ముగిసినట్టే.

ప్రతి వస్తువుకూ వెబ్‌లో ఒక చిరునామా ఉండాలని, ఆ చిరునామాను అడిగితే యంత్రానికి అర్థమయ్యే సమాచారం రావాలని, అందులో ఇతర చిరునామాలకు దారులు ఉండాలని వెబ్ సృష్టికర్త టిమ్ బెర్నర్స్-లీ 2006లో రాశారు. లింక్డ్ డేటా అంటే ఇదే. ఆ సమాచారాన్ని చదవడానికే కాక రాయడానికి, మార్చడానికి కూడా సర్వర్ ఎలా నడుచుకోవాలో లింక్డ్ డేటా ప్లాట్‌ఫామ్ అనే ప్రమాణంగా 2015 ఫిబ్రవరిలో వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూత్రీసీ ఖరారు చేసింది. అందులోని నియమాలు మూడు తరగతులు: తప్పనిసరిగా చేయాల్సినవి, గట్టి కారణం లేనిదే మానకూడనివి, ఇష్టముంటే చేయదగినవి. వాటిని ఒక్కొక్కటిగా పరీక్షించే ఉచిత సాఫ్ట్‌వేర్ కూడా ఉంది.

ఇక్కడే అసలు మోసం మొదలవుతుంది. ‘మా సర్వర్ తొంభై శాతం పరీక్షల్లో నెగ్గింది’ అని ఎవరైనా అంటే, మిగిలిన పది శాతం ఏ తరగతిలోదో అడగకుండా ఆ మాటకు విలువ కట్టకూడదు. ఉదాహరణకు, ఒక గ్రామ తాగునీటి వివరాలను విజయనగరంలో ఒకరు, రాజాంలో ఒకరు ఒకేసారి తెరిచి సరిదిద్దుతున్నారనుకోండి. ఆ వివరాల ఒక్కో వెర్షన్‌కూ సర్వర్ ‘ఈట్యాగ్’ అనే గుర్తు ఇవ్వాలి. ఆలస్యంగా భద్రపరచే వ్యక్తి తన దగ్గరున్న పాత గుర్తును జతచేసి పంపితే, సర్వర్ 412 (గుర్తు సరిపోలలేదు) అని తిప్పి పంపి తీరాలి. ఈ రెండూ తప్పనిసరి నియమాలే. గుర్తును జతచేయడం, జతచేయమని పట్టుబట్టడం మాత్రం రెండో తరగతిలో ఉన్నాయి. ఈ ఒక్క గొలుసులో ఎక్కడ లంకె తెగినా మొదటి వ్యక్తి దిద్దుబాటు చడీచప్పుడు లేకుండా చెరిగిపోతుంది, ఎవరికీ ఏ హెచ్చరికా కనబడదు. మిగిలిన నూరు పరీక్షల్లో నెగ్గినా ఆ నష్టం పూడదు. అందుకే సగటు లెక్కలు నాకు ఒళ్లు మంట.

మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలకు మరింత దగ్గరైన నియమం ఇంకొకటి ఉంది. తొలగించిన వస్తువు చిరునామాను మరో కొత్త వస్తువుకు ఇవ్వకూడదన్నది దాని సారం. ఇదీ రెండో తరగతిదే, కాబట్టి పరీక్షించేవారు తేలిగ్గా దాటిపోతారు. 2022 ఏప్రిల్ 4న జిల్లాల విభజన జరిగినప్పుడు రాజాం శ్రీకాకుళం నుంచి విజయనగరానికి వచ్చింది, పాలకొండ పార్వతీపురం మన్యానికి వెళ్లింది. చిరునామాలోనే జిల్లా పేరు ఇరికించిన వ్యవస్థలో ఆ రోజు రాజాం కొత్త వస్తువైపోతుంది, దాన్ని చూపిస్తున్న పాత లంకెలు 404లో, అంటే ‘దొరకలేదు’ అన్న జవాబులో పడతాయి. ఇంతకన్నా ఘోరం, ఖాళీ అయిన పాత చిరునామాను ఇంకో మండలానికి కేటాయించడం: అప్పుడు లంకె తెగదు, అబద్ధం చెబుతుంది. పేరును నమ్ముకుందామన్నా, కృష్ణా జిల్లాలోనూ ఒక శ్రీకాకుళం ఉంది, శ్రీకాకుళాంధ్ర మహావిష్ణువు కొలువైనది ఆ ఊళ్లోనే. వికీపీడియాకు తోడుగా నడిచే సమాచార భాండారం వికీడేటా ప్రతి అంశానికీ అర్థం లేని ఒక సంఖ్యను ఇవ్వడం వెనుక ఈ వివేకమే ఉంది. పేరు మారినా, జిల్లా మారినా ఆ సంఖ్య మారనక్కర్లేదు. ఉద్దానంలో ఒక ఊరి బోరునీటి పరీక్షల ఫలితాలూ, అదే ఊరి కిడ్నీ రోగుల లెక్కలూ వేర్వేరు శాఖల సర్వర్లలో ఉంటే, ఆ రెండు ‘ఊళ్లూ’ ఒకటేనని యంత్రానికి తెలిసే నమ్మకమైన మార్గం ఈ చిరునామాయే. సర్వర్ నిక్కచ్చితనం అక్కడ సాంకేతిక నిపుణుల ముచ్చటగా మిగలదు.

ఈ ప్రమాణాన్ని లోకంలో విస్తృతంగా వాడటం లేదు కదా, జేసన్ అనే సాదా రూపంలో సమాచారం ఇచ్చే మామూలు సేవలతో పని జరుగుతున్నప్పుడు చిన్న సంస్థల మీద ఈ భారం ఎందుకని అడిగేవారు ఉన్నారు. వాడకం పరిమితమే, ఒప్పుకుంటాను. అయితే వాడనివారిని నేను తప్పుపట్టడం లేదు. వాడుతున్నామని చెప్పి డబ్బు తీసుకునేవారి గురించే ఈ గొడవంతా.

కాబట్టి టెండరులో టిక్కు గడి తీసేసి, ఏ వెర్షన్ మీద, ఏ తేదీన, ఏ పరీక్ష నెగ్గింది, ఏది ఓడింది అన్న పూర్తి నివేదికను తరగతుల వారీగా అడగాలి. ఇలాంటి నివేదికలు యంత్రాలు చదివేలా రాయడానికి ‘ఎర్ల్’ అనే పదజాలం ఉంది కనుక ఫలితాలను కూడా లింక్డ్ డేటాగానే ప్రచురించవచ్చు. వాటికి మన పరీక్షలు కొన్ని చేర్చాలి. లింక్డ్ డేటాను రాసే టర్టిల్ అనే రూపంలోని సమాచారం ఎప్పుడూ యూటీఎఫ్-8 అనే అక్షర సంకేత పద్ధతిలోనే ఉండాలన్నది నియమం. ‘శ్రీకాకుళం’ అని తెలుగులో, తెలుగు భాషా గుర్తుతో పంపి, తిరిగి అడిగినప్పుడు అక్షరం చెడకుండా, గుర్తు ఊడకుండా వస్తుందో లేదో చూడాలి. ఇందుకు పెద్ద ప్రయోగశాల అవసరం లేదు. మన రెండు జిల్లాల ఇంజనీరింగ్ కళాశాలల్లో ఏ చివరి ఏడాది విద్యార్థి ల్యాప్‌టాప్ మీదైనా ఈ పని జరుగుతుంది, బిల్లు చెల్లించే ముందు ఒక మధ్యాహ్నం కేటాయిస్తే చాలు.