కుట్టు మిషన్ బల్లలోని చిల్లు గారికి

మహారాజశ్రీ చిల్లు గారి సముఖమునకు నమస్కరించి వ్రాయునది.

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మా ఇంటి మర్యాద. కానీ ఇక్కడ కుశలం లేదు. తమరు ఎక్కడ ఉన్నారో తెలియదు కాబట్టి అక్కడి కుశలం కనుక్కునే వీలూ లేదు.

నిన్న ఆదివారం మధ్యాహ్నం మూడు గంటల నుంచి దీపాలు పెట్టే వేళ దాకా మా హాల్లో నేల మీద చతికిలబడి మీ రాక కోసం ఎదురుచూసింది నేనే. రాత్రి జుట్టులోంచి రంపపు పొట్టు దులుపుకుంటూ ఉంటే, ఇక నాలుగు ముక్కలు రాయక తప్పదనిపించింది.

ఆరు నెలలుగా నేను బల్ల కోసం వెతుకుతున్నాననే అనుకున్నాను. బల్లలకేం, వీధికి పది దొరుకుతాయి. నాకు కావలసింది బల్లలో లేని భాగం. 12 అంగుళాల 3 నూలు పొడవు, ఆరున్నర అంగుళాల వెడల్పు గల ఖాళీ. (నూలంటే వడ్రంగుల లెక్కలో అంగుళంలో ఎనిమిదో వంతు. కుట్టుకు నూలు కావాలని తెలుసు కానీ, ఇన్ని రకాలుగా కావాలని తెలియదు.) గారె కొన్నవాడికి చిల్లు ఊరికే వస్తుంది. నాకు ముందు చిల్లు దొరకాలి. దాని చుట్టూ ఉన్న గారెకు ఎంత చెబితే అంత ఇస్తాను.

మా అమ్మమ్మ మిషన్ సంగతి తమకు విన్నవించనక్కరలేదు. సింగర్ 99కె, ముప్పాతిక సైజు, చేత్తో తిప్పేది. ఆ 'కె' అంటే కిల్బోవీ. స్కాట్లాండ్‌లో క్లైడ్‌బ్యాంక్ దగ్గర ఉన్న ఆ ఫ్యాక్టరీని 1980లోనే మూసేశారు. మా మిషన్‌కు ఆ వార్త ఇంకా అందలేదు. రెండు చుక్కల నూనె వేస్తే ఈ రోజుకీ తుమ్మెదలా పాడుతుంది. నల్లటి ఒంటి మీద బంగారు తీగలు కుడి వైపు చాలా వరకు చెరిగిపోయాయి. అమ్మమ్మ మణికట్టు రాసుకున్న చోటు అది. దాని కింద ఉండాల్సిన చెక్క అడుగును మాత్రం అటక మీద చెదలు తినేశాయి. వినాయకుడికి మొండెం ఉంటే తల కోసం వెతికారు, ఉత్తరం దిక్కున ఏనుగు దొరికింది. మా దగ్గర తల ఉంది. మొండెం ఏ దిక్కున తల పెట్టుకుని పడుకుందో ఎవరూ చెప్పరు.

మామూలు బల్ల మీద పెట్టుకోవచ్చు కదా అని సలహా ఇచ్చేవారికి కొదవ లేదు. మిషన్ పొట్ట కింద మీటలు, కడ్డీలు తిరుగుతూ ఉంటాయి. చదునైన బల్ల మీద పెడితే అవి కదలవు. సరే అని రెండు వైపులా ఇటుకలు పెట్టి చూశాం. కడ్డీలు తిరిగాయి. కానీ మిషన్ పీఠం బల్ల కన్నా జానెడు ఎత్తున నిలిచింది. అమ్మ మోచేతులు భుజాల దాకా లేచాయి, గుడ్డ బరువుకు కిందకు జారింది, దిండు గలేబు మీద కుట్టు పాము పాకినట్టు వచ్చింది. మిషన్ పీఠం, బల్ల పైభాగం ఒకే మట్టంలో ఉండాలి. అందుకే తమరు కావాలి. అమ్మకు డెబ్బై దాటాయి. ఒకప్పుడు నేల మీద కాలు చాపుకుని కుట్టేది, ఇప్పుడు ఆ మోకాళ్ళు ఒప్పుకోవడం లేదు.

ఎర్రగడ్డ సంతలో వెతికాను. జుమ్మెరాత్ బజార్‌లో వెతికాను. కోఠీ సందుల్లో మిషన్లు అమ్మే దుకాణాలన్నీ ఎక్కి దిగాను. అన్ని చోట్లా టేపు తీసి కొలిచాను. పద్నాలుగున్నర. పద్నాలుగున్నర. మళ్ళీ పద్నాలుగున్నర! పెద్ద సైజు మిషన్లకు తప్ప ఈ దేశంలో చిల్లు అన్నది పుట్టదా? ఒక దుకాణం ఆయన మాత్రం నా మీద జాలిపడి, "పెద్దదయితే నష్టమేముంది మేడమ్, చిన్నది అందులో పడుతుంది కదా" అన్నాడు. పడుతుంది. ఆ పడటమే కదా నా బాధ.

న్యూజెర్సీలో ఉన్న మా పిన్ని కూతురు వాళ్ళ వీధిలో ఎవరో బయట పడేసిన కుట్టు మిషన్ క్యాబినెట్‌కు ఫోటో తీసి పంపింది. నిగనిగలాడే చెక్క, మడత రెక్క, సొరుగులు, పైన 'ఉచితం' అని కాగితం. కొలిచి చెప్పవే అన్నాను. పద్నాలుగున్నర. అమెరికాలో ఊరికే ఇచ్చే చిల్లు కూడా నాకు పనికి రాలేదు.

కాఫీ హోటళ్ళ వారి సంగతి వేరు. పాత మిషన్ల ఇనుప స్టాండ్లు తెచ్చి, మీద చలువరాతి పలక పరిచి, దాని మీద చిన్న కప్పులో కాఫీ పెడతారు. మొన్న ఒక చోట కూర్చున్నాను. అలవాటు కొద్దీ పాదం కింది పెడల్ మీదికి వెళ్ళింది. కాసేపు తొక్కాను. చక్రం కదల్లేదు, వెల్డింగ్ చేసేశారు. ఇంత చేసినవారు తమరిని మాత్రం ఎక్కడ పారేశారో చెప్పలేదు.

యంత్రాలంటే సుముఖత లేని గాంధీజీ కూడా 1924లో కుట్టు మిషన్‌కు మినహాయింపు ఇచ్చారు. చేత్తో కుట్టలేక అవస్థ పడే భార్యను చూసి, ఆమె మీద ప్రేమతో సింగర్ దాన్ని తయారు చేశాడని ఆయన నమ్మకం. (సింగర్ గారి సంసారాలెన్నో ఎవరూ ఆయన చెవిన వేసినట్టు లేదు.) ఆ ప్రేమ బల్ల దాకా వచ్చి ఉంటే నాకు ఈ తిప్పలు తప్పేవి.

ఇదంతా నేను భరించగలను. భరించలేనిది వేరే ఉంది. చిల్లు గారూ, తమరు ఒకప్పుడు ఉన్నారు. మా ఇంట్లోనే ఉన్నారు. మిషన్‌ను ఎత్తుకెళ్ళి మరీ ఊరి వడ్రంగి దగ్గర కొలత ఇచ్చి, అమ్మమ్మ టేకు బల్ల చేయించింది. వెనక అంచులో రెండు ఇత్తడి బందులు, వాటి మేకులు మిషన్ వెనక కన్నాల్లో దూరి కింద మరలతో బిగిసేవి. నూనె వేయాలంటే మిషన్‌ను వెనక్కి వాల్చేవారు. ముందు అంచున ఒక చిన్న మెట్టు, మిషన్ ఆనడానికి. కాగితం దూరనంత సందు కూడా ఉండేది కాదని అమ్మ ఇప్పటికీ చెబుతుంది. ఊళ్ళోకి టీవీలు వచ్చిన కొత్తలో మా మామయ్య మిషన్ తీసి కింద పెట్టి, చిల్లు మీద ప్లైవుడ్ ముక్క కొట్టి, టీవీ నిలబెట్టాడు. నాలుగు మూలలా నాలుగు మేకులు. ఇల్లు పడగొట్టేటప్పుడు ఆ బల్ల తలుపు చెక్కలతో కలిసి టోకున వెళ్ళిపోయింది. ఎంతకు అమ్మావు మామయ్యా అని అడిగితే, "ఏ బల్ల?" అంటాడు.

అక్కడ నోరు తెరిచి ఒక్క మాట అనలేకపోయావా? నీలో అంత బరువైన మిషన్ ఏళ్ళ తరబడి కూర్చుని పెళ్ళి చీరలకు అంచులు కుట్టింది. నీ మీద చెక్క కొడుతుంటే ఊరుకున్నావు. ఇప్పుడు నీ కోసం నేను ఊరంతా తిరుగుతున్నాను. వెతికితే కనబడవు, కనబడితే సరిపోవు. నువ్వు ఉన్నా లేనట్టే ఉంటావని తెలుసు, కానీ లేకపోయినా ఇంత ఉంటావని నాకు ముందే ఎవరైనా చెప్పి ఉండాల్సింది!

క్షమించండి, మాట జారింది. నిన్నటి సంగతికి వస్తాను.

ఆరు వారాలుగా "శుక్రవారం ఖాయం మేడమ్" అంటూ వచ్చిన వడ్రంగి ఆదివారం వచ్చాడు. మిషన్‌ను కొలిచి చెక్క మీద పెన్సిల్‌తో 12-3 అని రాసుకుని, టీ తాగడానికి కిందికి వెళ్ళాడు. అతని దగ్గర పని నేర్చుకునే కుర్రాడు ఆ మూడును ముప్పాతిక అనుకున్నాడు. 12 అంగుళాల 3 నూలు కాస్తా పన్నెండు ముప్పాతిక అయింది. తేడా 3 నూలే. అందులో ఒక చిటికెన వేలు పడుతుంది. "ఏం ఫరవాలేదు, కింద బిళ్ళలు కొడతాను, ఆగుతుంది" అన్నాడు వడ్రంగి. కొట్టాడు. మిషన్ దించాడు. ఆగింది.

అమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది. పాత చీర ముక్క పాదం కింద పెట్టి, నూలు కొస పట్టుకుని, చేతిపిడి తిప్పింది. మూడు కుట్లు పడ్డాయి. ఎంత తిన్నగా పడ్డాయో! నాలుగో కుట్టుకు ఎడమ బిళ్ళ మీది నుంచి మిషన్ జారి, తల కిందకు వాలి, బల్లలోంచి దూరి, అమ్మ కాళ్ళ దగ్గర కట్టిపెట్టుకున్న పాత చీరల మూట మీద పడింది. సూది విరిగింది. మిషన్‌కు ఏమీ కాలేదు. క్లైడ్‌బ్యాంక్ ఇనుము కదా.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. కుర్రాడు చిల్లులోంచి కిందకు చూశాడు. అమ్మ కూడా పై నుంచి చూసి, "తిన్నగా కోశావురా అబ్బాయ్" అని మెచ్చుకుంది.

ఈ ఉత్తరం రాసేటప్పటికి మిషన్ మళ్ళీ నేల మీదికే వచ్చింది, ఇటుకల మధ్య. అమ్మ దాని పక్కన పీట వేసుకుని, ఒక కాలు చాపుకుని, కొత్త సూది ఎక్కిస్తోంది. దారం సూది బెజ్జంలో దూరడం లేదు. నన్ను పిలుస్తోంది, వెళ్ళాలి.

ఇట్లు,
తమ కొలతలు కంఠస్థమైన,
మిషన్ వారసురాలు

తా.క.: వడ్రంగి ఇప్పుడే ఫోన్ చేశాడు. చెక్క అతికించి చిల్లును తగ్గిస్తాడట. శుక్రవారం ఖాయమట.